తగ్గింది

మూడు స్లైడ్ల మీద పేర్లు కనపడకుండా తెల్ల ప్లాస్టర్ ముక్కలు అంటించి ఉన్నాయి. మూడింట్లో ఒకటి మా అక్క నెత్తురు. ఏది అక్కదో నాకు తెలియదు, తెలియకూడదనే అంటించమన్నాను. గడియారం పదకొండు దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. పన్నెండుకు అక్కను ఇంటికి పంపిస్తున్నారు. పైన మూడో అంతస్తులో బావ ఈపాటికి దుప్పటి మడతపెట్టి, మందుల చీటీ రెండుసార్లు చదివి, మంచం కింద నుంచి చెప్పు బయటికి లాగి ఉంటాడు, కుడికాలిది ఒక్కటే, ఎడమకాలికి కట్టు ఉంది కనుక. యాభై ఆరు నిమిషాల్లో నేను మూడొందల తెల్లకణాలు లెక్కపెట్టాలి, ఒక్కో స్లైడులో వంద. మామూలు రోజున ఇది పెద్ద పనేం కాదు. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. నా కళ్లు ఇప్పటికి ఎన్ని లక్షల కణాలను చూసి వదిలేశాయో, ఒక్కదాని మొహమూ గుర్తులేదు. ఇవాళ మాత్రం కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాను, కళ్లద్దాలు తుడుచుకున్నాను, మైక్రోస్కోపు లెన్సు కింద మొదటి స్లైడు మీద నూనె చుక్క వేశాను.

అయినవాళ్ల స్లైడు అయినవాళ్లు చూడకూడదన్నది మా ల్యాబులో ఎవరూ ఎక్కడా రాసిపెట్టని నియమం. నాకు పని నేర్పిన పెద్దావిడ చెప్పింది. కన్ను కోరుకున్నదే చూస్తుందే, అనేది. తన భర్త నెత్తురు మూడు వారాలు తనే చూసుకుని మూడు వారాలూ ఏమీ లేదని రాసుకుంది, నాలుగో వారం వేరేవాళ్లు చూశారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో ఏడుపు లేదు, స్లైడు తుడిచేవాళ్ల మొహంలో ఉండే శ్రద్ధ ఒకటి ఉండేది. కన్ను భయపడిందాన్ని కూడా చూస్తుందని ఆవిడ చెప్పలేదు, అది నేను కనిపెట్టుకున్నాను. అందుకే మిషను దగ్గర కూర్చునే అన్నయ్యను అడిగాను. అన్నయ్య అంటే వరసకు కాదు, నాకంటే ఆరేళ్లు పెద్ద, నన్ను చెల్లెమ్మా అంటాడు. కణాలను రకాలుగా విడదీసే పెద్ద మిషను రెండు రోజులుగా మూత తీసి పడి ఉంది, దాని భాగమేదో రావాలి. ఉన్నది పాతది. అది నెత్తురు పీల్చి మొత్తం ఎన్నో చెబుతుంది, పెద్దవెన్నో చిన్నవెన్నో చెబుతుంది, ఆపైన నోరు మూసుకుంటుంది. అన్నయ్య మటుకు దాన్ని కన్నబిడ్డలా వెనకేసుకొస్తాడు.

"దీనికి అక్కలు లేరు చెల్లెమ్మా, అందుకే దీని మాట నేను నమ్ముతాను."

"దీనికి ముసలీ పసీ తేడా కూడా తెలీదు. మూడు స్లైడ్లు తియ్యండి, అందులో ఒకటి మా అక్కది. పేర్లు కప్పేసి, తారుమారు చేసి ఇవ్వండి."

"మిగతా రెండూ ఎవరివి పెట్టను?"

"మీ ఇష్టం. నాకు చెప్పకండి."

మొదటి స్లైడు. నా వేళ్ల కింద లెక్కపెట్టె ఉంది, ఎనిమిది మీటలది, ఒక్కో రకం కణానికి ఒక్కో మీట, నొక్కితే టక్కుమంటుంది, వంద నిండితే లోపల చిన్న గంట మోగుతుంది. మధ్యలో మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. అన్నిటికంటే ఎడమ చివర ఉన్న రెండు మీటలకు మాత్రం రంగు కూడా చెక్కుచెదరలేదు, ఎప్పుడో గాని వాటితో పని పడదు. అవి పసికణాలవి. పాతరోజుల్లో పెట్టెలు లేనప్పుడు కాగితం మీద నిలువు గీతలు గీసి గళ్లలో చుక్కలు పెట్టేవాళ్లట, పసివాటికి ఎడమ గడి, ముదిరేకొద్దీ కుడికి. అందుకే పసివి ఎక్కువైతే ఇప్పటికీ ఎడమకు జరిగింది అంటాం. టక్, టక్. ఇది ముదురుది, లోపలి ఊదారంగు ముద్ద మూడు ముడులుగా విడిపోయి సన్నని దారంతో కలిపినట్టుంది. టక్. ఇది గుండ్రటి చిన్నది. స్లైడు నడుమనే చూస్తూ పోతే గుండ్రటి చిన్నవే ఎక్కువ దొరుకుతాయి, పెద్దవి అంచులకు తోసుకుపోయి కూర్చుంటాయి, కొత్తగా చేరినవాళ్లు అందరూ చేసే తప్పు అది. అంచు నుంచి లోపలికి, లోపల నుంచి అంచుకు, వంకరటింకరగా నడవాలి. నడుస్తున్నాను. ఇరవై తొమ్మిది, ముప్ఫై. ప్రశాంతంగా ఉంది ఈ స్లైడు, వర్షం వెలిసిన వీధిలాగా. ఇది అక్కదైతే బాగుండును అనుకున్నాను, వెంటనే ఆ అనుకోవడాన్ని పక్కకు నెట్టాను, కన్ను వినేస్తుంది.

తప్పు నాది. పొద్దున తొమ్మిదింటికి మిషను అక్క తెల్లకణాల కౌంట్ కాగితం కక్కింది, నాలుగు వేల ఎనిమిది వందలు. ఆసుపత్రిలో చేరిన రోజున పందొమ్మిది వేల నాలుగు వందలు, మూడోరోజు పదహారు వేలు, ఇవాళ ఐదోరోజు ఇది. స్లైడు ఇంకా ఆరలేదు, రంగు వెయ్యలేదు, నేను ఫోను తీసి బావకు చేశాను. ఐదు రోజులుగా ఆ మనిషి వార్డు బయట బల్లమీద కూర్చుని, చెయ్యి ఖాళీగా ఉండలేక, ఆ బల్ల సీటు చిరిగిన చోట దబ్బనంతో కుట్టేశాడు. కుర్చీలకూ సోఫాలకూ బట్టలు వేసే పని ఆయనది. ఏదో ఒక మంచి మాట ఆయన చెవిన వెయ్యాలనిపించింది. కౌంట్ తగ్గింది బావా, అన్నాను. తగ్గిందా, అన్నాడు, ఫోను నోటి దగ్గరే ఉంచుకుని అటు తిరిగి, తగ్గిందటే, అన్నాడు, పక్కమంచం ఆవిడ తగ్గిందా అమ్మా పోనీలే అనడం నాకు వినపడింది, ఆ తరువాత అది నర్సు చెవికి, నర్సు నుంచి డ్యూటీ డాక్టరుకు, గంట తిరక్కుండా కాగితాల మీదికి. మన మాటలో జ్వరం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, దగ్గు తగ్గుతుంది, కోపం తగ్గుతుంది. తగ్గిందా అని అడిగితే బాగుపడ్డావా అని అడిగినట్టే. చిన్నప్పటి నుంచి నుదుటి మీద చెయ్యి వేసి అందరూ అడిగిన మాట అదే, దానికి అవునని తలూపడంలోనే మేం బాగుపడటం నేర్చుకున్నాం. తగ్గి తగ్గి మనిషి అడుగంటిపోయే సంగతి ఆ మాటలో ఎక్కడా లేదు. కట్టు విప్పితే నిన్నటిదాకా తడిసే దూది ఇవాళ పొడిగా వచ్చింది, చీము తగ్గింది. ఒళ్లు కాలడం లేదు, జ్వరం తగ్గింది. చెల్లెలే ఫోను చేసింది, కౌంట్ తగ్గింది. మూడు తగ్గడాలు ఒక వరసలో నిలబడితే ఏ డాక్టరైనా సంతకం పెడుతుంది, అందులోనూ రాత్రంతా నిలబడి ఉన్న పిల్ల.

గంట మోగింది. మొదటి స్లైడు వంద. ఎడమ చివరి మీటలను రెండుసార్లు ముట్టుకున్నాను అంతే. అంకెలు రాసుకుని, పక్కన పెట్టి, రెండోదానికి నూనె చుక్క వేశాను. పదకొండుంపావు.

పదిన్నరకు నేను పైకి వెళ్లకపోతే ఇదేదీ లేదు. డిశ్చార్జి అని బావ ఫోను చేస్తే, సంతోషంగానే వెళ్లాను, మెట్లెక్కి. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, నువ్వెందుకు వచ్చావమ్మా శ్రమపడి, అంది. మా అక్క నన్ను యాభై ఏళ్లలో అమ్మా అని పిలవలేదు. వచ్చావా తల్లీ ఇప్పుడు గుర్తొచ్చానా అనాలి, లేదా ఆ జుట్టేంటే అనాలి. నర్సు సూది తీసేస్తే థాంక్సమ్మా అంది. సెలవు కాగితం బస్సు డిపోలో నేనిచ్చి వస్తాలే అని బావ అంటే, మీ ఇష్టం, అంది. పెళ్లైన ఇరవై ఆరేళ్లలో ఆ రెండు మాటలూ ఆవిడ నోటి నుంచి విషం లేకుండా రావడం నేను వినలేదు, ఆయనా వినలేదు, పాపం ఆయన మొహం విప్పారిపోయింది, జబ్బు చేసి మనిషి మెత్తబడిందే అన్నట్టు నావైపు చూశాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నొప్పి ఉందా అంటే, ఏమీ లేదు హాయిగా ఉంది, అంది. హాయి అన్న మాట కిటికీ బయట ఎవరికో చెప్పినట్టు అంది. ఆ చల్లదనం నా అరచేతిలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చి, ఆరిన స్లైడును రంగులో ముంచాను.

రెండోది. టక్. మొదటి చూపులోనే కణాలు తక్కువ, ఒకటి దొరకాలంటే మూడు నాలుగు చోట్లకు జరగాలి. టక్. ఎడమ మీట. లోపలి ముద్ద ఇంకా ముడులుగా తెగలేదు, వంచిన కడ్డీలా ఉంది, పసిది. సరే, ఒకటి ఎవరిలోనైనా ఉంటుంది. ఎడమ మీట. ఇంకొకటి. స్ప్రింగు గట్టిగా ఉంది, వాడక లేక, కొంచెం బలంగా నొక్కాలి, చిటికెనవేలికి ఆ పని అలవాటు లేదు. ఎడమ. కుడి. ఎడమ. ఇదేదో, ముద్ద ఇంకా చిక్కుడుగింజలా ఉంది, ఇంకా పసిది, ఇది మజ్జ దాటి బయటికి రావాల్సిన వయసే కాదు. పుస్తకాల్లో తెల్లకణాలను సైన్యం అంటారు, నాకు ఆ పోలిక ఎప్పుడూ రుచించలేదు, సైన్యం అంటే ఎవరో గుర్రమెక్కి వెనకుండాలి. నాకు మా అక్క బస్సు నడిపే డిపోలాగా కనిపిస్తుంది. ఎముక లోపలి మజ్జ డిపో, అక్కడే పుట్టి, అక్కడే నేర్చుకుని, ముదిరాక రోడ్డు మీదికి వస్తాయి. నెత్తుర్లో తిరిగేది కొన్ని గంటలే. గాయమైన చోట నుంచి కబురు రాగానే అక్కడి రక్తనాళాల గోడలు వదులవుతాయి, ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పెడుతుంది, అంటే దారి తెరిచారన్నమాట. కణం ఆ గోడకు అంటుకుని, దొర్లి, ఆగి, తన ఒళ్లు సన్నగా చేసుకుని సందులోంచి అవతలికి దూరి, క్రిములను మింగి, అక్కడే చస్తుంది. తిరిగి రాదు. చచ్చినవన్నీ కలిసి చీము. మొన్న అక్క నెత్తురులో పందొమ్మిది వేలంటే డిపో ఉన్న బస్సులన్నీ రోడ్డెక్కించిందని. ఇవాళ రోడ్డు మీద బస్సులు తక్కువ కనిపిస్తే ఊరు సద్దుమణిగిందనుకోవడమెలా, వెళ్లినవి వెళ్లినట్టే పోయి ఉండవచ్చు, డిపోలో ఇక మిగిలినవాళ్లు ఎల్ బోర్డు పిల్లలే అయి ఉండవచ్చు. స్టీరింగు వాళ్ల చేతికిచ్చి పొమ్మన్నారు. ఎడమ. ఎడమ. మొన్న అక్కది అన్నాను, ఇది అక్కదని ఎవరన్నారు. ప్లాస్టర్ తెల్లగా, మూగగా ఉంది.

నలభై ఆరు. కన్ను భయపడిందాన్నే చూస్తోందా. పసిదా ముదురుదా అన్నది గీత గీసినట్టుండదు, ముడి పడబోతున్నదాన్ని ఒకరు ఇటు వేస్తారు, ఒకరు అటు. నేను అటూ ఇటూ కాకుండా ఉన్న ప్రతిదాన్నీ ముదురు కిందే వేస్తున్నాను, అక్కకు అనుకూలంగా, అంటే ఇంటికి పంపడానికి అనుకూలంగా. అయినా ఎడమ మీట ఆగడం లేదు. ముదురువాటిని చూస్తే వాటి ఒంట్లో గింజలు మామూలుగా సన్నగా కనపడీ కనపడనట్టుండాలి, ఇక్కడ ముతకగా, నల్లగా, మాడిన రవ్వలా ఉన్నాయి. అక్కడక్కడ ఒళ్లంతా తూట్లు. తినడానికి కూర్చుని మధ్యలో లేచి పరిగెత్తినవాళ్ల కంచాల్లా ఉన్నాయి. ఇది భయం కల్పించే రకం కాదు. భయం ఆకారాన్ని సాగదీస్తుందేమో గాని తూట్లు పొడవదు. నా లోపల ఏదో స్థిరపడింది. ఇరవై రెండేళ్లు ఒకటే పని చేసిన మనిషికి అప్పుడప్పుడు దొరికే స్థిమితం అది, నేను సరిగ్గా చూస్తున్నాను అన్న స్థిమితం. దాని పక్కనే భయం కూడా కూర్చుంది, కూర్చోనీ అనుకున్నాను.

మా ఇంట్లో మంట అంటే అక్కే. నాకు ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ తను వాచేది. నాకు పదకొండేళ్లప్పుడు పుస్తకాల కొట్టాయన నేను పెన్సిలు దొంగిలించానన్నాడు, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, పెన్సిలు నాదే అని చెప్పడానికి కూడా నోరు రాలేదు, అక్క వచ్చింది, తను అరిచిన అరుపుకు వీధిలో సైకిళ్లు ఆగాయి, ఆయన నాకు ఇంకో పెన్సిలు ఉచితంగా ఇచ్చి పంపాడు. ఆ మంట ఊరికే రాదు, ఇంటినీ కాలుస్తుంది. దాని మూలంగా అక్క రెండు ఉద్యోగాలు పోగొట్టుకుంది, సొంత కూతురు పెళ్లిలో సొంత వియ్యపురాలితో మాటలు పోగొట్టుకుంది, బావ మౌనం నేర్చుకున్నాడు. ఒళ్లు కూడా అంతే, మంట ఎక్కువైతే కాపాడాల్సిన చోటునే తినేస్తుంది. నేను గోడమనిషిని. నెత్తురులో తెల్లకణాల్లో సగానికి సగం ఎప్పుడూ రక్తనాళాల గోడలకు ఆనుకుని ఉంటాయి, వాటిని ఏ మిషనూ లెక్కపెట్టదు, ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఎవరో నా గురించే రాసినట్టనిపించింది. నేను నెలల తరబడి చూసి బొమ్మలు గీసి తయారుచేసిన పటం కింద మా ల్యాబు పెద్ద తన పేరు వేసుకుని గోడకు తగిలించుకున్నప్పుడు, నేనేమీ అనలేదని తెలిసి అక్క, నీకు చీమూ నెత్తురూ లేవే, అంది. పొద్దస్తమానం ఆ రెండింట్లోనే చేతులు పెట్టుకుని ఉంటాను, ఇంటికొచ్చినా అవేనా, అన్నాను. కోపంలోనే నవ్వేసింది, నవ్వేసి మళ్లీ తిట్టింది, తిట్టి అన్నం పెట్టింది. అట్లాంటి మనిషి ఇవాళ మీ ఇష్టం అంది. ఆ మాట ముందు ఈ పసికణాల లెక్క ఎంత. నేను ఆ మాట విన్నప్పుడే చూశాను, స్లైడు దాన్ని తరువాత చూపించింది.

అక్కకు కొత్త బూట్లు డిపోవాళ్లిచ్చారు, గట్టివి. ఎడమకాలి చిటికెనవేలి పక్కన ఒరుసుకుంది. షుగరు వల్ల పాదం ఎప్పుడో మొద్దుబారింది, తెలియలేదు. బొబ్బ చితికి, తడిసి, మేజోడు అంటుకునేదాకా ఎనిమిది రోజులు ఆ కాలితోనే క్లచ్చి తొక్కింది. రోజుకు వెయ్యిసార్లు వేసుకో, అని తర్వాత డాక్టరుకు గొప్పగా చెప్పింది.

గంట. వంద. కడ్డీలాంటివి ముప్ఫై నాలుగు, వాటికన్నా పసివి తొమ్మిది. నలభై మూడు. కాగితం మీద నలభై మూడు రాసి, కింద గీత గీశాను. పదకొండున్నర.

మూడోది. రెండోదే అక్కదని గట్టిగా తెలిసిపోయాక మూడోది లెక్కపెట్టడం దేనికి, ప్లాస్టర్ పీకి చూస్తే అరసెకను పని. పీకితే మాత్రం రేపు ఎవరైనా మీ అక్క కదా అంటే నా దగ్గర జవాబుండదు. అందరికంటే ముందు నేనే అంటాను. టక్, టక్, వేగంగా, అంచు నుంచి లోపలికి. మనసు మాత్రం రెండో స్లైడు దగ్గరే ఉండిపోయి ఒక సిగ్గుమాలిన పని చేస్తోంది, అది ఇంకెవరిదైనా బాగుండు అనుకుంటోంది. ఆ ఇంకెవరికో ఒక మంచం, ఆ మంచం పక్కన సీటు కుడుతూ ఒక బావ, అవేవీ ఊహించనివ్వకుండా, పేరు లేని ఒళ్లొకటి ముందుకు తోసి, నలభై మూడూ నువ్వు తీసుకో అంటోంది. ఇరవై రెండేళ్లుగా నేను నూటికి నలభై మూడు ఎన్నోసార్లు రాసి ఉంటాను, రాసి టీ తాగి ఉంటాను. అవన్నీ ఎవరి అక్కలవో. దాని వెనకే ఇంకా వింత కోరిక ఒకటి, అది అక్కదే అయ్యుండాలి, నేను సరిగ్గా కనిపెట్టి ఉండాలి. రెండు కోరికలూ ఒకే ఛాతీలో ఒకదాన్నొకటి పట్టించుకోకుండా కూర్చున్నాయి. మనిషి మనసుకు ఇందులో తప్పేమీ కనపడదు, అది రెండు బండ్లూ నడుపుతుంది. టక్. ఈ నారింజరంగు గింజలవి, అలర్జీకి పెరిగేవి, ఏమిటి ఇన్ని ఉన్నాయి. టక్. మళ్లీ ఒకటి. వీడెవడో తుమ్ముతూ ఉండాలి. ఎనభై, ఎనభై ఒకటి. ఎడమ మీట ఒక్కసారి. గంట.

"అన్నయ్యా, విప్పండి."

ఆయన వచ్చి నిలబడ్డాడు. ముందు నా కాగితం చూశాడు, నలభై మూడు కింద గీత చూశాడు. మొదటి ప్లాస్టర్ గోటితో లేపాడు. నాలుగో అంతస్తు కాన్పు ఆవిడ. మూడోది లేపుతూ, "ఇది నాదే," అన్నాడు.

"మీకు తుమ్ములా?"

"నెల నుంచి. ఎట్లా తెలుసు?"

"తొమ్మిదున్నాయి నారింజవి. మందు వేసుకోండి."

నవ్వబోయి ఆగిపోయాడు. రెండోదాని ప్లాస్టర్ మిగిలింది. మిగిలినదాని మీద ఏ పేరుంటుందో ఇద్దరికీ తెలుసు, అయినా లేపాడు, మెల్లిగా, పుండు మీది కట్టు విప్పినట్టు. అక్క పేరు నా చేతిరాతలోనే ఉంది, పొద్దున ట్యూబు మీద రాసింది చూసి రాసుకున్న పేరు, పేరు కన్నా ముందు దాని పక్కనున్న వయసు అంకె నన్ను చూసింది. "మిషను తప్పు చెప్పలేదు చెల్లెమ్మా," అన్నాడు, తన బిడ్డ తరఫున క్షమాపణ అడుగుతున్నట్టు. చెప్పలేదు. అది నాలుగు వేల ఎనిమిది వందలంది. దాన్ని తగ్గింది అన్నది నేను.

రిపోర్టు కాగితం అడుగున వ్యాఖ్య అని ఒక గడి ఉంటుంది. మేం దాన్ని ఖాళీగా వదిలేస్తాం, అందులో రాసేది డాక్టర్లు. రాశాను. పసికణాలు నలభై మూడు శాతం, ముదురు కణాల్లో నల్ల గింజలు, తూట్లు. లోపల ఇన్ఫెక్షన్ ముదురుతోంది, రోగిని పంపవద్దు. సంతకం పెట్టి ఫోను తీశాను. పదకొండు నలభై ఆరు.

"డాక్టరుగారూ, ల్యాబు నుంచి. మూడో అంతస్తులో ఎడమకాలికి కట్టు ఉన్నావిడ, ఇవాళ డిశ్చార్జి."

"ఆఁ, బస్సు డ్రైవరుగారు. కౌంట్ నార్మల్‌కి వచ్చింది కదా."

"అంకె నార్మలేనండి. నూటికి నలభై మూడు పసివి. తెల్లకణాలు అయిపోతున్నాయి ఆవిడకి. ఆపెయ్యండి."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. "ఆవిడ మీకేమవుతారు?"

"అక్క. పేరు కప్పించి లెక్కపెట్టాను, మూడింట్లో ఏది ఆవిడదో నాకు తెలీదు లెక్కపెట్టేటప్పుడు. స్లైడు పైకి తెమ్మంటే తెస్తాను."

"నాకు అంత చూడటం రాదండి," అంది ఆ పిల్ల, నిజాయితీగా. "చార్టులో బీపీ చూస్తాను. లైన్లో ఉండండి." ఉన్నాను. గోడ మీద ల్యాబు పెద్ద పేరున్న నా పటం. ముదురు కణానికి నేను గీసిన మూడు ముడులు కొంచెం ఎక్కువ అందంగా ఉన్నాయి, అసలువి ఇంత అందంగా ఉండవు. ఫోను మళ్లీ ఎత్తేసరికి ఆ గొంతులో నిద్ర లేదు. "ఇందాక నర్సు రాసిన బీపీ పైది ఎనభై ఆరే ఉంది. సర్జన్‌గారికి చెబుతున్నాను. మీరు రండి."

లిఫ్టు రాలేదు, మెట్లెక్కాను. పైన లిఫ్టు ముందే చక్రాల కుర్చీలో అక్క, ఒళ్లో సంచి, వెనక బావ. కింద స్నేహితుడి కారు వచ్చి ఉందట. నన్ను చూసి ఆయన వెలిగిపోయాడు.

"కుర్చీ వెనక్కి తిప్పు బావా."

"అదేంటి. నువ్వే కదమ్మా తగ్గిందన్నావు."

"అన్నాను. తప్పు మాట అన్నాను. తిప్పు, నడుస్తూ చెబుతాను." నడుస్తూ చెప్పాను. వెళ్లిన బస్సులు తిరిగి రావడం లేదని, డిపో ఎల్ బోర్డు పిల్లలను పంపుతోందని. ఆయనకు డిపో మాట వెంటనే అర్థమైంది, ఇరవై ఆరేళ్లు డిపోతోనే కాపురం చేశాడు. సంచి అక్క ఒళ్లోంచి తీసి తన భుజానికి వేసుకుని కుర్చీని దాదాపు పరిగెత్తించాడు. అక్క మాత్రం, ఇంటికేనా, అంది ఒకసారి, మళ్లీ అడగలేదు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

సర్జన్ కట్టు కోసి తీశాడు. గాయం పైకి పొడిగా, బుద్ధిమంతురాలిలా ఉంది. ఆయన దాన్ని చూడలేదు, పాదం అడుగున నడిమధ్య బొటనవేలితో నొక్కాడు, గట్టిగా, ఇంకా గట్టిగా, నొక్కుతూ అక్క మొహం చూశాడు. అక్క కిటికీ వైపు చూస్తోంది. చిటికెనవేలి పక్క నుంచి బూడిదరంగు నీళ్లు, చీము కూడా కాదు, పలచగా జారాయి. "లోపల దారి చేసుకుంది," అన్నాడు. "ఇప్పుడే తెరవాలి." నావైపు తిరిగి, "ఎన్నన్నారు పసివి?" అన్నాడు. చెప్పాను. తల ఊపి వెళ్లిపోయాడు, ఆ తల ఊపడంలో నాకేమీ మెప్పు లేదు, మా ఇద్దరికీ ఒకే సంగతి తెలుసన్నది మాత్రం ఉంది. రెండు చేతులకూ రెండు సెలైన్లు పెట్టారు, కొత్త మందు ఎక్కించారు. థియేటరు సిద్ధమయ్యేదాకా మంచాన్ని దాని తలుపు పక్కన ఆపారు. సెలైను సగం దిగింది. అక్క కళ్లు తెరిచి, ఈసారి సూటిగా నన్నే చూసింది.

"ఎన్ని వేళ్లు తీస్తాడట?"

అబద్ధం చెప్పడానికి నాకు మనసు రాలేదు. "తెరిస్తేగాని తెలీదన్నాడు. చిటికెనవేలు పోతుంది. పక్కది కూడా పోవచ్చు."

"బొటనవేలి జోలికి రావద్దను. క్లచ్చి అడుక్కి తొక్కాలంటే అది కావాలి."

"చెబుతాను."

"నువ్వు చెప్పేది ఎవడికి వినపడి చస్తుందే. పోట్లాడు."

బావ ఆ మాట విని తల వంచుకుని భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. మంచం కదిలింది, తలుపు రెండు రెక్కలూ తెరుచుకుని, మంచాన్ని తీసుకుని, మూసుకోబోయాయి. నేను పక్కకు తిరిగి ఆ మిగిలిన సందులోంచి లోపలికి దూరాను. సర్జన్ కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు. మీరు ఇక్కడికి రాకూడదమ్మా, అన్నాడు.

"వచ్చేశాను సార్. చెప్పిగాని పోను. ఆవిడ బస్సు నడుపుతుంది."

ఆయన మోచేత్తో కుళాయి కట్టేసి, నీళ్లు కారుతున్న చేతులు పైకెత్తి పట్టుకుని, చెప్పండి, అన్నాడు. నేను బొటనవేలి దగ్గర మొదలుపెట్టాను.